కిమ్ చావాలా, దాక్కోవాలా, వెళ్లిపోవాలా?

‘బ్రేకింగ్ బ్యాడ్’కు ముందు జరిగిన కథ చెప్పే అమెరికన్ టీవీ సిరీస్ ‘బెటర్ కాల్ సాల్’ ఐదో సీజన్ 2020 ఏప్రిల్‌లో ముగిసింది. ఆఖరిదైన ఆరో సీజన్ 2022 ఏప్రిల్ 18న గానీ మొదలు కాలేదు. కోవిడ్ వల్ల కొంత ఆలస్యం. ఆ పైన 2021 జులైలో షూటింగ్ జరుగుతుండగానే హీరో బాబ్ ఓడెన్‌కర్క్‌కు గుండెపోటు వచ్చింది. ఆ రెండేళ్లూ ఫ్యాన్స్‌కు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటే. హీరో జిమ్మీ భార్య, లాయర్ కిమ్ వెక్స్‌లర్ ఏమవుతుంది? సిరీస్ ఇంకా చూడనివాళ్లు ఇక్కడితో ఆపేయడం మంచిది, కథంతా ఇక్కడ బయటపడిపోతుంది.

ఇలా ముందటి కథ చెప్పే ప్రీక్వెల్‌లో చాలామంది గతి ముందే తెలిసిపోతుంది. లాయర్ జిమ్మీ మెక్‌గిల్ చివరికి ‘బ్రేకింగ్ బ్యాడ్’లో కనిపించే నేరగాళ్ల లాయర్ సాల్ గుడ్‌మన్ అవుతాడు. డ్రగ్స్ వ్యాపారి గస్‌కీ, అతని మనిషి మైక్‌కీ ఇప్పట్లో ఏమీ కాదు. కానీ 2008 నుంచి 2013 దాకా వచ్చిన ‘బ్రేకింగ్ బ్యాడ్’ 62 ఎపిసోడ్లలో కిమ్ ఒక్కసారీ కనిపించదు, ఆమె ప్రస్తావన కూడా రాదు. జిమ్మీకి ప్రాణంలాంటి మనిషి తర్వాతి కథలో లేదంటే దానికో కారణం ఉండాలి. ఫ్యాన్స్ ఊహలు ముఖ్యంగా మూడు దారులు పట్టాయి.

ఎక్కువమంది నమ్మింది చావునే. అందుకు ఆధారాలూ తక్కువేం లేవు. ఐదో సీజన్‌లో డ్రగ్స్ ముఠా నాయకుడు లాలో సలమాంకా నేరుగా వాళ్ల ఫ్లాట్‌కే వచ్చి జిమ్మీని నిలదీశాడు. ఆ రోజు కిమ్ ఎదురు తిరిగి మాట్లాడబట్టి గండం గడిచింది. ఆరో సీజన్ మొదటి సీన్‌లో సాల్ బంగళాలోని సామాన్లను అధికారులు తరలిస్తుంటే, కిమ్ దాచుకున్న ఓ పాత టెకీలా (మెక్సికన్ మద్యం) సీసా మూత సామాన్లలోంచి జారి రోడ్డు మీద పడుతుంది. అది చూసినవాళ్లంతా ఇక ఆమె పని అయిపోయినట్టే అనుకున్నారు. టెన్షన్ పరంగా చూస్తే ఈ దారికి తిరుగులేదు. కానీ కిమ్‌ను లాలో చంపేస్తే జిమ్మీ బాధితుడు అవుతాడు. భార్యను పోగొట్టుకున్న దుఃఖంలో మనసు బండబారి సాల్ అయ్యాడని మనమే సర్దిచెప్పుకుంటాం. అతని తప్పులన్నీ లాలో ఖాతాలోకి పోతాయి. ఐదు సీజన్ల పాటు తన నిర్ణయాలు తానే తీసుకున్న కిమ్, చివరికి భర్త కథను మలుపు తిప్పడానికి పనికొచ్చే శవంగా మిగులుతుంది. నాకు అది అస్సలు మింగుడుపడదు.

రెండో ఊహ తెలివైనది. ‘బ్రేకింగ్ బ్యాడ్’ జరిగినంత కాలం కిమ్ కథ జరిగే అల్బకర్కీ నగరంలోనే ఉంది, మనకు కనిపించలేదంతే అన్నది దాని సారం. సాల్ ఇంటి సంగతులు అందులో ఎక్కడా చూపించలేదు కాబట్టి తార్కికంగా దీన్ని కొట్టిపారేయలేం. ఇదే నిజమై, వెనకుండి నడిపించేది కూడా ఆమేనని తేలితే పాత సిరీస్ మళ్లీ చూడబుద్ధేస్తుంది. చిక్కల్లా సాల్‌తోనే. ఆ ఆఫీసులో, ఆ రంగురంగుల సూట్లలో కూర్చున్న మనిషిని చూడండి. సాయంత్రం ఇంటికెళితే తనను మనసారా ప్రేమించే మనిషి ఎదురుచూస్తూ ఉంటుందన్న ఛాయ అతనిలో ఎక్కడైనా ఉందా? ఈ ఊహ నిజమైతే అతనిలోని ఆ ఖాళీకి అర్థమే ఉండదు.

మూడోది, ఆమె తనంతట తానే వెళ్లిపోవడం. చప్పగా ఉంటుందని చాలామంది పక్కన పెట్టారు. చివరికి జరిగింది ఇదే, నా దృష్టిలో మూడింటిలో మేలైనదీ ఇదే. చచ్చాడనుకున్న లాలో బతికే ఉన్నాడని మైక్ చెప్పినా కిమ్ ఆ మాట జిమ్మీ దగ్గర దాచింది. తెలిస్తే అతను తోటి లాయర్ హోవార్డ్ మీద వేసిన పన్నాగం ఆపేస్తాడు, ఆ ఆటేమో ఆమెకు బాగా రుచించింది. లాలో మళ్లీ వాళ్ల ఫ్లాట్‌కు వచ్చాడు, ఆ దాపరికం హోవార్డ్ ప్రాణం తీసింది. ఆరో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆమె లాయర్ వృత్తి వదిలేస్తుంది, జిమ్మీనీ వదిలేస్తుంది. ప్రేమ లేక కాదు. ఇద్దరూ కలిసి ఉంటే చుట్టుపక్కల వాళ్లు నాశనమవుతారని తెలిసి. దీంతో బరువు పడాల్సిన చోట పడింది. తన తప్పు కిమ్ మోస్తుంది. వదిలి వెళ్లడానికి ఆమె చెప్పిన కారణం విన్నాక కూడా జిమ్మీ సాల్‌గానే మారాడంటే అది అతను ఎంచుకున్న దారి. అతని మీద జాలి పడొచ్చు గానీ సాకులు వెతకలేం.

ఇందులో లోటు లేదని అనను. విడిపోయిన సీన్ నుంచి ఒక్క కట్‌తో ఏళ్లు దాటేసి పూర్తిస్థాయి సాల్ బంగళాలో దిగబెట్టారు. ఆ మధ్య కాలానికి ఇంకో ఎపిసోడ్ ఇచ్చి ఉండాల్సింది. విడాకుల కాగితాల సీన్ పన్నెండో ఎపిసోడ్‌లో వస్తుంది, బాగుంటుంది కూడా, కానీ ఆ ఆకలి దాంతో తీరదు. ఇంకో మాట. చావు దారి తప్పని తేలినా దాన్ని నమ్మినవాళ్ల భయం వృథా పోలేదు. ఎనిమిదో ఎపిసోడ్‌లో కిమ్ తుపాకీతో గస్ ఇంటి తలుపు తట్టినప్పుడు మనకు ఊపిరి ఆడకపోవడానికి ఆ భయమే కారణం.

లాలో ముఠాలో పనిచేసే నాచో విషయంలోనూ ఇలాంటి ఊహలే నడిచాయి. ‘బ్రేకింగ్ బ్యాడ్’ రెండో సీజన్‌లో, 2009లో, ముసుగు వేసుకున్నవాళ్లు సాల్‌ను ఎడారికి ఎత్తుకుపోతే అతను లాలో, ఇగ్నాసియో పేర్లు పలుకుతాడు. ఇగ్నాసియో అంటే నాచోనే. అంటే ఇద్దరూ అప్పటికి బతికే ఉన్నారని చాలామంది లెక్కేశారు. కానీ ఆరో సీజన్‌లో నాచో మూడో ఎపిసోడ్‌లోనే తనను తాను కాల్చుకున్నాడు, లాలో ఎనిమిదిలో గస్ చేతిలో పోయాడు. అయినా పాత సీన్ చెడిపోలేదు. లాలో పీడ వదిలిందని నమ్మిన వేళే అతను గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు కాబట్టి, ఆ తర్వాత ఎవరు చచ్చాడని చెప్పినా సాల్ మనసు నమ్మదు. మొదటిసారి నవ్వు తెప్పించిన ఆ కేకల్లో ఇప్పుడు నిజమైన వణుకు వినిపిస్తుంది. ప్రీక్వెల్ చేయాల్సిన పని సరిగ్గా ఇదే.

‘బ్రేకింగ్ బ్యాడ్’ తర్వాత ఒమాహా నగరంలో జీన్ అనే మారుపేరుతో దాక్కున్న సాల్ చావాలా, పారిపోవాలా, దొరికిపోవాలా అన్నది మరో వాదన. ‘బ్రేకింగ్ బ్యాడ్’ ప్రధాన పాత్రల్లో వాల్టర్ చనిపోయాడు, జెస్సీ తప్పించుకున్నాడు, కాబట్టి మిగిలింది జైలే. ఊహించడం అంత కష్టం కాదు. ఎవరూ ఊహించనిది లెక్క. ఏడున్నరేళ్ల శిక్షకు బేరం కుదుర్చుకుని, కిమ్ ముందు నిజం ఒప్పుకోవడం కోసం 86 ఏళ్లు నెత్తిన వేసుకున్నాడు. కిమ్ బతికి ఉండి ఆ కోర్టు హాల్లో కూర్చుంటేనే ఆ ఒప్పుకోలుకు విలువ. మొదటి దారి నాకు నచ్చకపోవడానికి ఇది మరో కారణం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కథాకాలం ప్రకారం ‘బెటర్ కాల్ సాల్’ ముందు చూడాలా అని అడుగుతుంటారు. వద్దు. ‘బ్రేకింగ్ బ్యాడ్’ ముందు చూడండి. అందులో కిమ్ లేదన్న సంగతి తెలిస్తేనే ఇక్కడ ఆమె కనిపించిన ప్రతి సీన్‌లో భయం ఉంటుంది.