ఫిక్స్‌ఎల్, కూఎ: వాయువును పసిగట్టడంలో ఏది మేలు?

సోయా మొక్కను పీకి వేరుబుడిపెను గోటితో చీలిస్తే లోపల ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ది. అదే బుడిపెలో కాపురముండే బ్రాడీరైజోబియం అనే బ్యాక్టీరియా దగ్గర ఇంకో హీమ్ ప్రొటీన్ (మధ్యలో ఇనుము ఉండే, పళ్లెంలాంటి హీమ్ అణువును మోసే ప్రొటీన్) ఉంది, పేరు ఫిక్స్‌ఎల్. నత్రజనిని పట్టే ఎంజైమును ఆక్సిజన్ పాడుచేస్తుంది కాబట్టి, ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నంతసేపు ఫిక్స్‌ఎల్ ఊరుకుంటుంది. తగ్గగానే తనకు తాను ఫాస్ఫేట్ తగిలించుకుని ఫిక్స్‌జె అనే తోటి ప్రొటీనుకు అందిస్తుంది. అప్పుడు జన్యువులు పని మొదలుపెడతాయి.

ఫిక్స్‌ఎల్ ఆకారంలో వచ్చే మార్పు చాలా చిన్నది. ఆక్సిజన్ అతుక్కోగానే, కాస్త బయటికి ఉన్న ఇనుము హీమ్ తలంలోకి వస్తుంది, వంగిన హీమ్ చదునవుతుంది. అంతవరకు హీమ్ అంచును పట్టుకున్న 220వ స్థానంలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఆ పట్టు వదిలి, లోపలికి తిరిగి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ కూడా ఇదే ఇనుముకు అంటుకుంటుంది కానీ, ఆర్జినిన్‌ను అలా లాగలేదు. అందుకే ఫిక్స్‌ఎల్‌ను అంతగా ఆపలేదు.

రోడోస్పైరిల్లమ్ రూబ్రమ్‌లో కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే హీమ్ ప్రొటీన్ కూఎ పద్ధతి వేరు. గాలి లేని చీకట్లో కూడా కార్బన్ మోనాక్సైడ్‌తో బతకగలిగే బ్యాక్టీరియా ఇది. కూఎ జంటగా ఉంటుంది. ఒకదాని మొదట్లోని ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం రెండోదాని ఇనుమును పట్టుకుని ఉంటుంది! కార్బన్ మోనాక్సైడ్ వచ్చి ఆ ప్రోలిన్‌ను తప్పిస్తే, మధ్యలోని పొడవాటి హెలిక్సులు (స్ప్రింగులా చుట్టుకున్న భాగాలు) సర్దుకుంటాయి, డీఎన్‌ఏను పట్టే భాగాలు దాన్ని పట్టుకునేలా తిరుగుతాయి. నైట్రిక్ ఆక్సైడ్ వస్తే ప్రోలిన్‌తో పాటు రెండో వైపున్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం పట్టు కూడా ఊడిపోతుంది. అప్పుడు కూఎ డీఎన్‌ఏను సరిగా పట్టుకోదు. వాయువు అంటుకోవడం ఒకటి, ఆకారం సరిగ్గా మారడం ఇంకొకటి అని ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు మరొకటి తోచదు.

విద్యార్థికి చెప్పాలంటే నా ఓటు కూఎకే. పసిగట్టేదీ డీఎన్‌ఏను పట్టేదీ ఒకే ప్రొటీన్, మధ్యలో కబురు మోసేవాళ్లు లేరు. కానీ గాలి ఆడే గదిలో కార్బన్ మోనాక్సైడ్‌ను కనిపెట్టే పరికరం చేయాలంటే మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు వాడలేం. ఆక్సిజన్ తగిలితే దాని ఇనుము ఆక్సీకరణం చెందుతుంది, ఆ తర్వాత కార్బన్ మోనాక్సైడ్ వచ్చినా అతుక్కోదు.