హస్తా నక్షత్రం మూడో పాదం, రేటింగు రెండు నక్షత్రాలు

మా మనవరాలి పేరు కోసం మా అమ్మాయి ఈ ఆన్‌లైన్ సేవకు పదిహేను వందల రూపాయలు కట్టింది. పుట్టిన తేదీ, సమయం, ఊరు ఇస్తే నక్షత్రం చూసి, సంఖ్యాశాస్త్రం కలిపి, ఇంతవరకు ఎవరూ పెట్టని పేర్లు యాభై పంపుతామన్నారు. చెప్పిన వేళకే పంపారు. ఫోనులో మాట్లాడిన అమ్మాయి మర్యాదస్థురాలు. రెండు నక్షత్రాలూ అందుకే ఇస్తున్నాను.

నక్షత్రం లెక్కనూ తప్పు పట్టను, మా ఇంటి పంచాంగంతో సరిపోయింది. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, పాదానికో అక్షరం. హస్తకు వచ్చేవి పూ, ష, ణ, ఠ. మా పాపది మూడో పాదం, అంటే ణ. ణతో మొదలయ్యే పేరు ఎక్కడ దొరుకుతుంది? మా పురోహితుడిగారైతే "పూ తీసుకోండమ్మా, నక్షత్రం అదే కదా" అని అరనిమిషంలో తేల్చేస్తారు. వీళ్లు తేల్చలేదు. ణివిష, ణైషిర, ణ్యారా... పేజీల కొద్దీ అవే. పక్కన అర్థాలు: లక్ష్మీదేవి, దేవుని వరం, మళ్లీ లక్ష్మీదేవి. ణివిష అంటే దివ్యకాంతి అట! హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయినదాన్ని, ఊరుకోలేక ఇది ఏ ధాతువు నుంచి వచ్చిందని రాసి అడిగాను. "మా పరిశోధక బృందం రూపొందించింది మేడమ్" అని జవాబు.

ఇక సంఖ్యాశాస్త్రం. వాడేది కాల్డియన్ పట్టిక. అందులో ఇంగ్లీషు అక్షరాలకు 1 నుంచి 8 వరకే విలువలు, 9 దేనికీ ఉండదు. ణివిషను కూడితే 22 వచ్చిందని, అది మంచిది కాదని, చివర ఇంకో 'ఏ' తగిలించి 23 చేశారు. పేరులో విషం ఉన్న సంగతి లెక్కకు రాలేదు. పైగా ఇంగ్లీషులో ణ రాసినా న రాసినా 'ఎన్' ఒక్కటే! రేపు ఆధార్‌లో ఒక 'ఏ', బడి రికార్డులో రెండు పడితే దిద్దించుకోవడానికి తిరిగేది ఆ పిల్ల.

వింత పేర్లంటే నాకు గిట్టదని కాదు. నాస్తికవాది గోరా ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకుకు లవణం అని పెట్టారు. యుద్ధ వాతావరణంలో, 1939లో పుట్టిన ఆయన ఇంకో కొడుకు సమరం. మా బడి హాజరు పట్టీలో పుల్లయ్యలు, పెంటయ్యలు ఉండేవారు. ముందు పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో, తర్వాతి బిడ్డను ఎంగిలి విస్తరి మీదో పెంటకుప్ప మీదో కాసేపు పడుకోబెట్టి తీసి ఆ పేర్లు పెట్టేవారు. వాటి వెనుక ఒక తల్లి కడుపుకోత ఉంది. ణివిష వెనుక ఉన్నది మా అమ్మాయి కట్టిన డబ్బుకు రసీదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. బారసాల లోపు కావాలంటే అత్యవసర రుసుమని ఇంకో ఐదు వందలు అడుగుతారు. కట్టకండి. పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు. నమోదైన నాటి నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే రుసుమే లేదు, ఆపైన 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు.

మా అమ్మాయి డబ్బు వెనక్కి అడిగింది. దాని బదులు మరో పాతిక పేర్లు ఉచితంగా పంపుతామన్నారు. అవీ ణతోనేనట.