పాత బంగారం మార్చడం, కరిగించడం, అమ్మడం: పన్నెండేళ్లలో నేను చూసింది

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. వరి, రొయ్యల చెరువులు రెండూ ఉన్న ఇల్లు, కాబట్టి అవసరానికి బంగారం తాకట్టుకెళ్లడం, పంట చేతికొచ్చాక ఇంటికి రావడం మాకు మామూలే. పాత నగలు పూర్తిగా వదిలించుకోవడం మాత్రం వేరే సంగతి. 2012 నుంచి నాలుగు రకాలుగానూ చేశాను: షాపులో మార్పిడి, కంసాలి దగ్గర కరిగించి కొత్తది చేయించడం, డబ్బుకి అమ్మడం, కరిగించకుండానే ఇంకో నగగా కట్టించుకోవడం. అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

మా అమ్మ నా పెళ్లికి ఒకే అచ్చులో నాలుగు గాజులు చేయించింది. రాళ్లు లేవు, లోపల లక్క లేదు, ఒకే కంసాలి, ఒకే బంగారం. జత 32 గ్రాములు, అంటే నాలుగు కాసులు. వాటిలో ఒక జత 2012లో షాపులో మార్చాను, రెండో జత 2019లో కరిగించాను. ఈ రెండు జతలకీ వచ్చిన తేడా చూశాకే నాకు విషయం అర్థమైంది.

2012లో ఆడపడుచు పెళ్లి. ముహూర్తానికి పది రోజులే టైముంది, ఆ టెన్షన్‌లో ఒక పెద్ద షాపుకి వెళ్లాం. కౌంటర్లో అబ్బాయి గాజు గీటురాయి మీద గీసి చూసి "84 టచ్ వస్తుందండి" అన్నాడు, అంటే నూటికి 84 పాళ్లు బంగారమని. మైల, మాట్లు (అతుకులు) పోతాయంటూ రెండు గ్రాములు ముందే తీసేశాడు. అంటే 30 గ్రాములకి 84 చొప్పున 25.2 గ్రాముల మేలిమి (స్వచ్ఛమైన బంగారం). 916 బంగారంలో, అంటే 22 కారట్లలో చెప్పాలంటే ఇరవై ఏడున్నర గ్రాములు. మేం ఎంచుకున్న నెక్లెస్ 24 గ్రాములు, తరుగు (తయారీలో పోతుందని వేసే లెక్క) 16 శాతం, అది కలిపితే బిల్లులో దాదాపు 28 గ్రాములు. 32 గ్రాములు ఇచ్చి 24 గ్రాములు తెచ్చుకున్నాం, పైగా చేతి డబ్బు కూడా కట్టాం. ఇందులో దొంగ లెక్క ఏదీ లేదు, బిల్లు మీద అన్నీ రాసే ఉన్నాయి. కరిగించకుండా చెప్పిన టచ్‌కి నేను తలూపడమే జరిగిన తప్పు.

2019లో రెండో జత తీసుకుని పాలకొల్లులో అమ్మకి ఎప్పటినుంచో తెలిసిన ఆచారి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు గాజులు తూచారు. తూచే ముందు ఫ్యాన్ ఆపించారు, ఎలక్ట్రానిక్ కాటా మీద గాలి తగిలితే అంకె నిలవదట. నేను కూడా పక్కనే కూర్చుని చూశాను. గాజులు ముక్కలు చేసి మూసలో వేసి, చిటికెడు వెలిగారం (బోరాక్స్) చల్లి మంట పెట్టారు. కాసేపు ఏమీ కాలేదు, తర్వాత అంచులు మెత్తబడి ముక్కలన్నీ ఒక్కసారిగా దగ్గరికి చేరి మూస అడుగున గుండ్రంగా తిరగడం మొదలెట్టింది బంగారం. మైలంతా వెలిగారంతో కలిసి పైకి తేలింది. చల్లారాక చూస్తే ముద్ద పైన నల్లగా ఉంది, యాసిడ్‌లో ముంచి కడిగితే రంగు బయటపడింది. ఇరవై ఏళ్లు చేతికి ఉన్న గాజులు అలా ముద్దగా చూస్తే గొంతు పట్టేసింది, "బంగారం ఎక్కడికీ పోదమ్మా, రూపమే మారుద్ది" అన్నారాయన.

ముద్ద 31.6 గ్రాములు తూగింది. రెండు గ్రాములు పోతాయని షాపులో చెప్పిన చోట, పోయింది 0.4 గ్రాము. ముద్దని టెస్టింగ్ షాపులో పెట్టిస్తే టచ్ 89.5 వచ్చింది. అంటే 28.3 గ్రాముల మేలిమి. అవే గాజులు, అదే బంగారం, మొదటి జతలో నాకు మూడు గ్రాముల మేలిమి రాకుండా పోయింది!

ఆ ముద్ద ఇచ్చేసి బదులుగా మేలిమి తీసుకుని, రాగి, వెండి కలిపి 916 చేసి ఆచారి గారు గొలుసు చేశారు. కాసుకి అర గ్రాము తరుగు, మజూరీ విడిగా. గొలుసు 29 గ్రాములు. షాపులో 24, ఇక్కడ 29. అయితే దీనికి హాల్‌మార్క్ (స్వచ్ఛత ముద్ర) లేదు, అది నేను తెలిసే ఒప్పుకున్నాను. హాల్‌మార్క్ వేయించడం బీఐఎస్‌లో (నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్ అయిన వ్యాపారికే కుదురుతుంది, మనం సొంతంగా వేయించుకోలేం, పరీక్ష మాత్రం చేయించుకోవచ్చు. తెలిసిన మనిషైతేనే ఈ దారికి వెళ్లండి, నెల రోజులైనా ఆగాలి కాబట్టి పెళ్లి నెత్తిమీదుంటే అసలు వద్దు.

హాల్‌మార్క్ గురించి మా ఊళ్లో చాలామందికి ఒక భయం ఉంది, ముద్ర లేని పాత నగలు ఇక ఎవరూ కొనరని. ఆ మాట నిజం కాదు. 2021 జూన్ 16 నుంచి తప్పనిసరి చేసింది షాపువాళ్లు అమ్మే నగలకి, అది కూడా కొన్ని జిల్లాల్లో మొదలుపెట్టారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ప్రతి నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) లేకుండా వాళ్లు కొత్త నగ అమ్మకూడదు. మన బీరువాలో ఉన్నవి అమ్ముకోవడానికి అడ్డేమీ లేదు. కొత్తది కొన్నప్పుడు మాత్రం ఆ కోడ్ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి, అరనిమిషం పని.

2024 ఆగస్టులో రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువు మొత్తం పోయింది. మేత బాకీ తీర్చాలి. తాకట్టు పెడితే వడ్డీ పెరుగుతుంది, మా ఆయనా నేనూ కూర్చుని వాడని నగలు అమ్మేద్దామనుకున్నాం. తెగిన గొలుసు ముక్కలు, ఒంటి దుద్దు, మా అత్తగారి వంకీలు. వంకీల దగ్గరే పెద్ద దెబ్బ తగిలింది. మొత్తం 46 గ్రాములు తూగినవి రాళ్లు ఊడదీసి, లోపలి లక్క కాలిపోయి, కరిగాక 37.9 అయ్యాయి. వాటిని ఎన్నోసార్లు బ్యాంకులో పెట్టాం, ఆ పాత తాకట్టు చీటీలు తీసి చూస్తే నికర బరువు ఇంచుమించు ఇంతే రాసి ఉంది. పడేసే ముందు ఆ చీటీలు ఒకసారి చూసుకోండి, అప్రైజర్ రాళ్లూ లక్కా తీసేసి వేసిన లెక్క మీ చేతిలోనే ఉంటుంది. ఊడదీసిన కెంపులు అడిగి తెచ్చుకున్నాను, 2012లో అలాంటి పని ఉంటే అవి కూడా వదిలేసి వచ్చేదాన్ని.

ఆ ముద్ద పట్టుకుని మూడు చోట్ల తిరిగాను. టచ్ 87.6, 88.1, 87.9 వచ్చింది, ఆ కాస్త తేడా ఏ మిషన్‌కైనా ఉంటుంది. అసలు తేడా రేటులో ఉంది. అందుకే అందరినీ ఒకటే అడిగాను: ఈ రోజు మేలిమి రేటు మీద ఎంత తగ్గించి కొంటారు? ఒకరు మూడు శాతం అన్నారు, ఒకరు ఒక శాతం. ఒక శాతం చెప్పినాయనకే ఇచ్చాను. ముద్దగా తీసుకెళ్తే నచ్చకపోతే లేచి వచ్చేయొచ్చు, కౌంటర్లో నగ ముక్కలు చేశాక లేవడానికి మనసు రాదు.

డబ్బు బ్యాంకు ఖాతాకే వేశారు. పదివేలు దాటితే నగదు ఇవ్వడం వాళ్లకి పన్ను లెక్కలో ఇబ్బంది. మనకి కూడా ఆదాయపన్ను ఉంటుంది, 2024 జూలై 23 నుంచి రెండేళ్లు దాటి ఉంచుకున్న బంగారం లాభం మీద 12.5 శాతం. మా ఆడిటర్ గారు చెబితేగానీ నాకు తెలియలేదు.

కారట్ మీటర్ అనే మిషన్ మీద ఒక మాట. నగని అలాగే పెట్టి చూస్తే అది పై పొరనే చదువుతుంది. మాటు ఉన్న చోట పెడితే తక్కువ చూపిస్తుంది, పూత ఉంటే ఎక్కువ చూపిస్తుంది. కరిగించిన ముద్ద మీద వచ్చిన అంకెకే నేను విలువిస్తాను.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది నాలుగో దారి. అమ్మమ్మ కాసుల పేరు తాడు అరిగి, రెండు మూడు కాసుల చెవులు ఊడిపోయి పదేళ్లు డబ్బాలో పడి ఉంది. మార్చేద్దామంటే ఆచారి గారే ఒప్పుకోలేదు, ఈ అచ్చు మళ్లీ దొరకదమ్మా అన్నారు. చెవులు మాటేసి, కాసుల్ని రెండు వాటాలు చేసి, నాకొకటి చెల్లికొకటి నల్లపూసల మధ్య గుచ్చి ఇచ్చారు. అయిన ఖర్చు కూలీ, పూసలు, అంతే. గ్రాము బంగారం పోలేదు. సంక్రాంతికి ఇద్దరం వేసుకుంటే అమ్మ రెండిటినీ చేతిలోకి తీసుకుని కాసులు లెక్కపెట్టింది.

ఇంకా అమ్మ బుట్టలు ఉన్నాయి, పాపకి ఏదైనా చేయించాలి. ఈసారి ముందు హాల్‌మార్కింగ్ సెంటర్‌లో పరీక్ష చేయిద్దామని ఉంది, నాలుగు నగల వరకు 200 రూపాయలు తీసుకుంటారు. ఆ కాగితం వచ్చాకే కరిగించాలో, అలాగే ఉంచాలో చూస్తాం.