జన్యువు తీసేయాలంటే: పాత దారా, క్రిస్పరా?

చెస్ట్‌నట్ చెట్లను ఎండబెట్టే క్రైఫోనెక్ట్రియా పారాసిటికా లాంటి శిలీంధ్రంలో ఒక జన్యువు పనేమిటో తెలియాలంటే, దాన్ని తీసేసి చూడాలి. పాత పద్ధతిలో ఆ జన్యువుకు రెండు పక్కలా ఉండే డీఎన్‌ఏ ముక్కల మధ్య హైగ్రోమైసిన్‌ను (శిలీంధ్రాన్ని చంపే యాంటీబయాటిక్) తట్టుకునే జన్యువు పెట్టి, కణకవచం తీసేసిన ప్రోటోప్లాస్ట్‌లలోకి పంపుతారు. తంటా ఏమిటంటే, ఆ ముక్క అసలు జన్యువు స్థానంలో కాక చాలాసార్లు జీనోమ్‌లో ఇంకెక్కడో అతుక్కుంటుంది. పదులకొద్దీ కాలనీలను పీసీఆర్‌తో (కావలసిన డీఎన్‌ఏ భాగాన్ని ఎన్నో రెట్లు పెంచి చూసే పరీక్ష) వడకట్టాలి, అదో పెద్ద టెన్షన్! తెగిన డీఎన్‌ఏ కొసలను ఎక్కడపడితే అక్కడ అతికించడంలో తోడ్పడే కేయూ80 జన్యువును ముందే తీసేసిన స్ట్రెయిన్ (శిలీంధ్రపు రకం) ఉంటే ఈ బాధ బాగా తగ్గుతుంది.

క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతిలో, గైడ్ ఆర్‌ఎన్‌ఏ చూపిన చోట కాస్9 అనే ఎంజైమ్ డీఎన్‌ఏను కోస్తుంది; ఆ కోత అతుక్కునేటప్పుడు జన్యువు పాడవుతుంది. వేరేచోట కోసే ప్రమాదమూ ఉంది. ప్రోటోప్లాస్ట్‌ల తిప్పలు ఇక్కడా మామూలే.

కేయూ80 లేని స్ట్రెయిన్ చేతిలో ఉంటే నా ఓటు పాత దారికే; లేకపోతే క్రిస్పరే. ఏ దారైనా, తీసిన జన్యువును తిరిగి పెట్టి, అది లేక పోయిన తెగులు కలిగించే శక్తి మళ్లీ వస్తుందో లేదో చూడాల్సిందే.