బోడెన్‌జేలో లంక, బాత్రూమ్ కిటికీలో సరస్సు

"లేక్ వ్యూ" అన్న రెండు మాటల్ని నమ్మి రెండు రాత్రుల బసకి 520 యూరోలు కట్టాను. అమ్మ అప్పటికప్పుడు లెక్కేసి "ఒరేయ్, నలభై ఏడు వేలురా" అంది. ఆ సరస్సు ఎలా కనిపించిందో చెబుతాను, ఇదంతా రాయడానికి కారణమే అది. ఊరు మాత్రం బాగుంది. అందుకే ఇంకా ఒళ్ళు మండుతోంది.

ఊరి పేరు లిండౌ. జర్మనీ దక్షిణపు అంచున, బోడెన్‌జే అనే పెద్ద సరస్సులో ఉన్న దీవి. మేం మ్యూనిక్‌లో ఉంటాం. 2024 జూలైలో అమ్మా నాన్నా కోనసీమ నుంచి వచ్చారు. నాన్న ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. కోటలూ మ్యూజియాలూ చూపిస్తే తలూపారు గానీ, మ్యాప్‌లో లిండౌ చూడగానే "ఇది లంకరా" అని లేచి కూర్చున్నారు. గోదావరి లంకలో పుట్టిన మనిషి కదా. అలా ఖాయమైంది ప్రయాణం.

నాకూ మా ఆవిడకీ డాయిష్‌లాండ్ టికెట్ ఉంది, 2024లో నెలకి 49 యూరోలుండేది, అది మామూలు రైళ్ళలోనే చెల్లుతుంది. అమ్మ మోకాళ్ళ సంగతి ఆలోచించి, వెళ్ళేటప్పుడు జ్యూరిక్ వెళ్ళే యూరోసిటీ అనే పెద్ద రైల్లో నలుగురికీ ముందుగా బుక్ చేశాను. మొత్తం 91 యూరోల 60 సెంట్లు. రెండు గంటల ప్రయాణం హాయిగా సాగింది. దిగాక చూస్తే ఎక్కడా నీళ్ళ జాడ లేదు. మా ఆవిడ నా వంక చూసిన చూపుని వర్ణించను.

జరిగిందేమిటంటే, 2020 డిసెంబరు దాకా పెద్ద రైళ్ళన్నీ దీవి మీదికే వెళ్ళేవి. 1853లో సరస్సులో గట్టు పోసి, దాని మీద పట్టాలు వేసి, దీవి మీదే స్టేషన్ కట్టారు. అది లైను ఆగిపోయే చోటు. రైలు లోపలికొచ్చి మళ్ళీ వెనక్కి తిరగాలి. మ్యూనిక్ లైనుకి కరెంటు పెట్టినప్పుడు ఒడ్డున రాయ్‌టిన్ అనే చోట కొత్త స్టేషన్ తెరిచి, యూరోసిటీల్ని అక్కడే ఆపేస్తున్నారు. దీవి మీది పాత స్టేషన్ పేరు ఇప్పుడు లిండౌ-ఇన్‌జెల్. అక్కడికి లోకల్ రైళ్ళు వెళతాయి. టికెట్ మీద "లిండౌ-రాయ్‌టిన్" అని స్పష్టంగానే ఉంది, చదవనిది నేనే. రెండు సూట్‌కేసులు, ఒక ఆవకాయ డబ్బాతో టాక్సీ ఎక్కాం. 15 యూరోలు.

ఇక బస. ఫోటోలో తెల్ల కర్టెన్, కిటికీ నిండా నీలం నీళ్ళు, వెనక మంచు కొండలు. "ఓల్డ్ టౌన్ నడిబొడ్డున, లేక్ వ్యూ ఫ్యామిలీ అపార్ట్‌మెంట్." రాత్రికి 214 చొప్పున రెండు రాత్రులకి 428, క్లీనింగ్‌కి 60. దగ్గరికెళ్ళాక ఓనరు మెసేజ్: దుప్పట్లూ టవల్సూ కావాలంటే మనిషికి ఎనిమిది, 32 యూరోలు క్యాష్ టేబుల్ మీద పెట్టండి. నలుగురం దుప్పట్లు నెత్తిన పెట్టుకుని వస్తామనుకున్నారేమో.

రిసెప్షన్ లేదు. తలుపు పక్కన తాళంచెవి పెట్టె, దానికో నంబరు. గది నాలుగో అంతస్తులో, లిఫ్ట్ లేదు. పాతకాలపు చెక్కమెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అమ్మ ప్రతి మలుపులో ఆగి రొప్పుతూ లెక్కపెట్టింది. 71 మెట్లు. పైకెళ్ళాక హాలు కిటికీ తీస్తే ఎదురింటి గోడ. బెడ్‌రూమ్ కిటికీ తీస్తే చర్చి గంట. సరస్సేదీ అని నలుగురం నాలుగు దిక్కులా వెతికాం. చివరికి కనిపెట్టింది నాన్న. బాత్రూమ్‌లో కమోడ్ మూత వేసి, దాని మీద ఎక్కి, చిన్న కిటికీలోంచి మెడ సాచితే రెండు పెంకుటిళ్ళ కప్పుల మధ్య అరచేతి వెడల్పున నీళ్ళు. "కనపడుతోందిరా, అబద్ధం చెప్పలేదు" అన్నారాయన. ఓనరుకి ఫోన్ చేస్తే ఏమాత్రం తడబడకుండా చెప్పాడు, ఆ ఫోటో ఆ బిల్డింగ్ టాప్ మీద నుంచి తీసిందట. టాప్ మీదికి అద్దెకున్నవాళ్ళు వెళ్ళకూడదట.

ఏసీ సంగతి ఎత్తను, జర్మనీలో ఇలాంటి ఇళ్ళలో ఉండదని తెలిసే వెళ్ళాం. కానీ కప్పు కింద గది, జూలై ఎండ. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే గంటలు. మార్కెట్ చౌక్‌లో రెండు పెద్ద చర్చిలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి ప్రొటెస్టెంట్లది, ఒకటి కాథలిక్కులది. 1528లో ఊరు ప్రొటెస్టెంట్ బాట పట్టింది. అప్పటికి ఏడు వందల ఏళ్ళుగా ఉన్న సన్యాసినుల మఠం మాత్రం కాథలిక్‌గానే ఉండిపోయింది. అలా దీవి మీద రెండూ మిగిలాయి. పగలు ఈ కథ చదివి ఎంత ముచ్చటేసిందో, రాత్రి ప్రతి పావుగంటకీ గంట మోగుతుంటే అంత కోపమొచ్చింది. అమ్మ తెల్లారి లేచి "రాత్రి ఎన్ని గంటలైందో నాకు నిమిషాలతో సహా తెలుసు" అంది.

శనివారం పొద్దున ఊరు చూడ్డానికి బయల్దేరాం. దీవి మొత్తం 68 హెక్టార్లు. నాన్నకి ఎకరాల్లో చెబితేగానీ తృప్తి లేదు, దగ్గర దగ్గర 170 ఎకరాలు. "మా లంకంత కూడా లేదే!" అన్నారు. ఊరి జనాభా పాతిక వేలు అంటారు గానీ అందులో మూడు వేలమందే దీవి మీద ఉండేది, మిగతావాళ్ళంతా ఒడ్డున. పేరుకి మూలం లిండెన్ చెట్టు. 882 నాటి రాతలోనే ఊరి పేరుంది, ఊరి ముద్రలో కూడా ఆ చెట్టే. "మనకి మామిడికుదురు, తాటిపాక లేవూ, అలాగే" అని నాన్న మా ఆవిడకి వివరించారు. ఆవిడది హైదరాబాదు, ఆ రెండు ఊళ్ళూ చూడలేదు. "అవును మావయ్యగారూ" అంది.

పాత టౌన్‌హాలు తప్పకుండా చూడండి. 1422లో మొదలుపెట్టి 1436కి పూర్తి చేశారు. మెట్లమెట్లుగా లేచే ముందుగోడ, దాని నిండా బొమ్మలు. 1496లో అప్పటి పవిత్ర రోమన్ సామ్రాజ్యం సభ ఈ ఊళ్ళోనే జరిగింది. ఇంత చిన్న లంకకి అంత మర్యాద ఎందుకంటే, 1275 నుంచీ ఇది ఏ దొరకీ లోబడని ఊరు, చక్రవర్తికి మాత్రమే జవాబుదారీ. ఆల్ప్స్ దాటి మిలాన్‌కి సరుకులూ ఉత్తరాలూ మనుషుల్నీ మోసే బోటే అనే కొరియర్ ఇక్కడి నుంచే నడిచేది. 1788లో కవి గోథే ఇటలీ నుంచి తిరిగొచ్చింది ఆ బండిలోనేనట. ఆ కాలంలో కూడా పెట్టెలకి విడిగా డబ్బు తీసుకునేవారేమోనని నా అనుమానం.

దొంగల బురుజు అని 1380లో కట్టిన గుండ్రటి బురుజొకటి ఉంది. దాని పక్కన సెయింట్ పీటర్ చర్చి, చిన్నది, వెయ్యేళ్ళనాటిది. లోపల గోడల మీద హాన్స్ హోల్బైన్ అనే చిత్రకారుడు (అదే పేరున్న కొడుకు కాదు, తండ్రి) వేసిన చిత్రాలు వెలిసిపోయి ఉన్నాయి. ఇప్పుడది యుద్ధంలో పోయినవాళ్ళ స్మారకం. జనం లేరు, చల్లగా ఉంది. అమ్మ అక్కడే బెంచీ మీద అరగంట కునుకు తీసింది.

హార్బర్ దగ్గర మాత్రం ఇసుక వేస్తే రాలనంత జనం. నీళ్ళకి ఒకపక్క ఆరు మీటర్ల రాతి సింహం, ఇంకోపక్క 33 మీటర్ల లైట్‌హౌస్, రెండూ 1856లో పూర్తయ్యాయి. మ్యూనిక్, లిండౌ ఉన్న బవేరియా రాష్ట్రం మొత్తానికి లైట్‌హౌస్ ఇదొక్కటే. "ఆ సింహం ఎవరిదో చూశావా?" అన్నారు నాన్న. 1802లో ఊరి స్వతంత్రం పోయింది. ఒక ప్రభువు చేతిలో పడి, అతన్నుంచి ఆస్ట్రియాకి, అక్కణ్ణుంచి 1805 ఆఖర్లో నెపోలియన్ పుణ్యమా అని బవేరియాకి వెళ్ళింది. మూడేళ్ళలో మూడు చేతులు. యాభై ఏళ్ళ తర్వాత రైలు తెచ్చి, తన సింహాన్ని హార్బర్ నోట్లో కూర్చోబెట్టింది బవేరియా. ఊరిదైన పాత బురుజు మాంగ్‌టుర్మ్, పదమూడో శతాబ్దంలో దీపం పెట్టింది, వెనకాల రంగురంగుల పెంకుల టోపీతో చిన్నబోయి ఉంటుంది. నాకు సింహం కన్నా అదే నచ్చింది.

లైట్‌హౌస్‌కి 139 మెట్లు. "సగం మెట్లు లాడ్జింగులోనే ఎక్కేశాను, మీరు వెళ్ళండి" అంది అమ్మ. ఎక్కండి, మెట్లు ఇరుకే అయినా పైనుంచి ఎదురుగా ఆస్ట్రియా, పక్కన స్విట్జర్లాండ్, కాళ్ళ కింద జర్మనీ. సరస్సు 536 చదరపు కిలోమీటర్లు, అన్నిటికన్నా లోతైన చోట 251 మీటర్లు. ఈ పై భాగంలో మూడు దేశాల మధ్య హద్దెక్కడో తేల్చే ఒప్పందం ఇప్పటికీ లేదు. "మా దగ్గర లంక మేట వేస్తే రెండు ఊళ్ళవాళ్ళు కర్రలు పట్టుకునేవారు. వీళ్ళు మూడు దేశాలుండి గొడవ లేకుండా ఎలా నెట్టుకొస్తున్నార్రా?" అని నాన్న నన్ను అడిగారు, నేనేదో ఆ శాఖలో పనిచేస్తున్నట్టు.

మధ్యాహ్నం పడవలో ఆస్ట్రియా ఒడ్డునున్న బ్రెగెంట్స్ వెళ్ళొచ్చాం, బాగుంది.

రాత్రి భోజనం. నాన్నకి చేప కావాలి. ఈ సరస్సుకి ఫెల్షెన్ అంటే మనకి పులస అంటే ఎంతో అంత. 24 యూరోల 90 సెంట్లు. నేను ఆర్డర్ చెబుతుంటే వెయిటరమ్మ ఆపి, "ముందే చెబుతున్నా, ఇది ఈ సరస్సు చేప కాదు" అంది. 2024 జనవరి నుంచి మూడేళ్ళపాటు ఇక్కడ ఫెల్షెన్ పట్టడమే నిషేధమట. క్వాగా అనే బయటి ఆల్చిప్ప వచ్చిపడి చేపల తిండంతా లాగేస్తోంది, స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేప గుడ్లూ పిల్లల్నీ మింగేస్తోంది, చేపలు తగ్గిపోయాయి. వేరే చోటి నుంచి తెప్పిస్తున్నారు. నేను తర్జుమా చేస్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "పుస్తెలమ్మి పులస తినాలంటారు, ఇక్కడ పుస్తెలమ్మినా దొరకదన్నమాట" అని, మానేసి, ట్రౌట్ తెప్పించుకున్నారు. నిజం చెప్పి పెద్ద బిల్లు వదులుకున్న ఆ వెయిటరమ్మకి ఐదు యూరోలు టిప్ ఇచ్చాను. ఆ ఊళ్ళో నేను సంతోషంగా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

శనివారం కాబట్టి అమ్మ నీచు ముట్టదు. ఆవిడకి కేజెష్పెట్స్‌లే చెప్పాం, ఉడికించి చీజ్ కలిపిన పిండి ముక్కలు, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు. 14 యూరోల 80. కొన్నిచోట్ల పంది మాంసం ముక్కలు కలుపుతారు, అడిగి చెప్పండి. అమ్మ దాని మీద కారప్పొడి జల్లుకుని, పదిహేను రోజుల్లో మొదటిసారి ప్లేటు ఖాళీ చేసింది. ఆ పిండి గుడ్లతో కలుపుతారని మా ఆవిడకి సగంలో గుర్తొచ్చి టేబుల్ కింద నా కాలు తొక్కింది. నోరు మూసుకున్నాం. అమ్మ ఇలాంటివి చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.

తిన్నాక హార్బర్‌కి వెళితే పొద్దుటి జనం లేరు. పగటిపూట వచ్చేవాళ్ళంతా సాయంత్రం రైళ్ళకి వెళ్ళిపోతారు. తొమ్మిదిన్నరకి కూడా ఆకాశంలో వెలుతురు. ఒడ్డు పొడుగునా నారింజ దీపాలు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. గాలివాన హెచ్చరిక. నిమిషానికి నలభైసార్లు వెలిగితే గట్టి గాలి, తొంభైసార్లు వెలిగితే తుఫాను. నాన్న వాచీ పెట్టి లెక్కపెట్టి "నలభై" అని తేల్చారు. పడవలన్నీ ఒక్కొక్కటే సింహం పక్కనుంచి లోపలికి వచ్చేశాయి. ఆల్ప్స్ మీద మెరుపులు. వాన పడేదాకా నలుగురం అక్కడే రాతిమెట్ల మీద కూర్చున్నాం. దీవి మీదే దిగాలా అని ఎవరైనా అడిగితే నాకు జవాబు కష్టమయ్యేది ఇందుకే. ఒడ్డున లిఫ్టున్న గది తీసుకుని, ఆఖరి బస్సు టైము చూసుకుని, రాత్రి పదిదాకా ఇక్కడ కూర్చోండి. మోకాళ్ళు బాగున్నవాళ్ళు దీవి మీదే దిగొచ్చు, ఫోటో కాకుండా కిటికీ ఏ వైపుందో రాతపూర్వకంగా అడిగి. జూన్ ఆఖరు, జూలై మొదట్లో మాత్రం వద్దు. 1951 నుంచీ ఏటా నోబెల్ గ్రహీతలు కుర్ర సైంటిస్టుల్ని కలిసే సభ ఈ ఊళ్ళోనే, అప్పుడు గది దొరకడం గగనం. అది మొదలయ్యేనాటికి ఊరు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, ఫ్రెంచ్ సైన్యం చేతిలో ఉండేది, 1955లో గానీ మళ్ళీ బవేరియాలో కలవలేదు.

ఆదివారం అమ్మానాన్నలకి 39 యూరోలతో, బవేరియాలో మామూలు రైళ్ళకి ఒక రోజు చెల్లే బయర్న్ టికెట్ కొని, దీవి స్టేషన్ నుంచే మామూలు రైళ్ళు పట్టుకుని మూడు గంటల్లో ఇల్లు చేరాం. రెండు వారాలు వెంటపడితే బుకింగ్ సైటువాళ్ళు 40 యూరోల కూపన్ పంపారు, ఆరు నెలల్లో వాడాలి. "సరస్సు కొంత మేర కనిపిస్తుందని మీరే ఒప్పుకున్నారు" అని జవాబు. ఫిర్యాదుకి సాక్ష్యంగా నేను జతచేసిన ఫోటోలో నాన్న కమోడ్ మీద నిలబడి, కిటికీలోంచి చూస్తూ నవ్వుతున్నారు.