ప్లాస్టిక్ బెంచీ మీద పేరు నిలవాలంటే ఏది మేలు: స్టిక్కరా, చెక్కుడా, స్టీలు రేకా?

బరంపురంలో మా వీధి చివర చెరువు గట్టున నాన్నగారి పేరు మీద ఒక బెంచీ వేయించాం. రీసైకిల్ ప్లాస్టిక్ పలకలతో చేసింది, చూడ్డానికి చెక్కలాగే ఉంటుంది, చెద పట్టదు, వానకి కుళ్ళదు, ఏటేటా రంగు వేసే పని లేదు. బెంచీకి ఏ వంకా పెట్టలేను. దెబ్బ తిన్నది పేరు దగ్గరే. షాపువాళ్ళు వినైల్ స్టిక్కర్ అంటించి ఇచ్చారు, రెండో వేసవి రాకముందే అంచులు లేచాయి, పిల్లలు గోళ్ళతో లాగారు, చివరికి నాన్న పేరు సగమే మిగిలింది. సాయంత్రం అటు నడకకి వెళ్ళినప్పుడల్లా అమ్మ ఆ బెంచీ వైపు చూడటం మానేసింది. అది చూసి ఊరుకోలేకపోయాను. ఆర్నెల్లు తిరిగి ఇలాంటి పలక ముక్కల మీద రకరకాలుగా చేయించి చూశాను. మన ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గోపాల్‌పూర్ వైపు ఎవరైనా ఇలాంటి బెంచీ వేయించాలనుకుంటే మళ్ళీ అదే డబ్బు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను.

ఈ పలకల్లో ఎక్కువ భాగం హెచ్‌డీపీఈ అనే రకం ప్లాస్టిక్. అంటే షాంపూ సీసాలు, నూనె డబ్బాలు కరిగించి పోసిన సరుకు. చేత్తో తడిమితే మైనంలా జారుగా ఉంటుంది, చిక్కంతా ఆ జారుదనంలోనే ఉంది. జిగురు గానీ పెయింటు గానీ దాని మీద పరుచుకుని పట్టుకోదు, ఎండాక పొరలా లేచిపోతుంది. పైగా ఎండకి ఈ పలక చాలా సాగుతుంది. లోపల ఫైబర్ కలపని రకమైతే 40 డిగ్రీల తేడాకి 6 అడుగుల పలక దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, అదే పొడుగు స్టీలు పెరిగేది ఒక మిల్లీమీటరు చిల్లర. పుష్యమాసం తెల్లవారుజామున ఉన్న పొడుగు వేరు, మే నెల మిట్టమధ్యాహ్నం పొడుగు వేరు. పైన అంటించినది ఏదైనా రోజూ ఈ లాగుడు భరించాలి.

అందుకే స్టిక్కర్‌ని, మామూలు పెయింటుని నేను లెక్కలోంచి తీసేశాను. పెయింటుకి ఒక దారి ఉంది, సీసాల ఫ్యాక్టరీల్లో ముద్ర వేసేముందు ప్లాస్టిక్ మీద మంట చురుగ్గా ఆడిస్తారు, దానితో పైపొర మారి రంగు పట్టుకుంటుంది. కానీ ఆ గుణం ఎన్నాళ్ళో ఉండదు, మంట ఆడించిన వెంటనే రంగు వేసేయాలి, మంట కాస్త ఎక్కువసేపు ఆగితే పలక కరిగి గుంట పడుతుంది. వీధి పెయింటర్‌తో చేయించే పని కాదది.

లేజర్‌తో చెక్కించడం గురించి చాలామంది అడుగుతారు. మన షాపుల్లో ఉండే సీఓ2 లేజర్ చెక్కని కాల్చి నల్లటి అక్షరం ఇస్తుంది, ఈ ప్లాస్టిక్‌ని మాత్రం కరిగిస్తుందంతే. అక్షరం పలక రంగులోనే ఉండిపోతుంది, అంచులు ఉబ్బుతాయి. అదీకాక రీసైకిల్ సరుకులో పీవీసీ, అంటే నీళ్ళ పైపుల ప్లాస్టిక్, ముక్క కలిసి ఉంటే కాలినప్పుడు ఆమ్లం ఆవిరి వస్తుంది, అది మనిషి ఊపిరికీ మిషన్‌కీ రెండింటికీ చేటు. ఒక షాపతను ముక్క చూడగానే వద్దని చెప్పాడు, సరిగ్గా చెప్పాడనే అంటాను. ఇనుప ముద్ర కాల్చి వేయడం కూడా ఇలాంటిదే, పొగకి పొగ, తీగలు సాగిన అక్షరాలు.

ఇక మిగిలింది సీఎన్సీ రూటర్‌తో, అంటే కంప్యూటర్ నడిపే చెక్కుడు మిషన్‌తో, లోపలికి చెక్కించడం. నా మనసు దీని మీదే ఉంది. ఊడిపోవడానికి పైన ఏమీ లేదు, దొంగిలించడానికీ ఏమీ లేదు, చెక్కిన గాడి పలక ఉన్నంతకాలం ఉంటుంది. మన తాటాకు పని ఇదే కదా. పూరీ దగ్గర రఘురాజపూర్‌లో ఇప్పటికీ ఘంటంతో ఆకు మీద గీసి, మసి రుద్ది తుడిచేస్తారు, గీతలో ఉన్న నలుపు మాత్రం మిగులుతుంది. ఆకు ఈనెల వెంట గీత గీస్తే చీలిపోతుంది కాబట్టే ఒడియా అక్షరాల తల గుండ్రంగా వంగిందని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ గుండ్రటి అక్షరాలు, మన తెలుగు అక్షరాలు రూటర్ బిట్‌కి బాగా కుదురుతాయి, తిరిగే బిట్‌కి పదునైన మూలలకన్నా వంపులు తేలిక.

కానీ చెక్కుడులో చూసుకోవాల్సినవి ఉన్నాయి. చాలా పలకల్లో పైతొక్క గట్టిగా, లోపల బుడగలతో స్పంజిలా ఉంటుంది, లోతు ఎక్కువైతే ఆ బుడగలు బయటపడి అక్షరం అంచు చిరిగినట్టు కనిపిస్తుంది. నాకు 3 మిల్లీమీటర్ల లోతు సరిపోయింది, మీ పలకకి ఎంతో ముక్క మీద చూసుకున్నాకే చెప్పగలరు. ఒకే పన్ను ఉన్న బిట్ వాడి, అది తిరిగే వేగం తగ్గించి, తుక్కు పొట్టులా రాలేలా చేయమనండి, వేగం పెంచితే తుక్కు కరిగి గాడిలోనే అతుక్కుంటుంది. అక్షరం 4 సెంటీమీటర్లకన్నా చిన్నదైతే ఒత్తులు పూడిపోతాయి. బెంచీ బిగించకముందే వీపు ఆనించే పైపలక మీద చెక్కించండి, కూర్చునే పలక మీద వద్దు, గాడిలో నీళ్ళు నిలుస్తాయి.

గాడిలో రంగు నింపాలా? నింపితే మొదట్లో చాలా బాగుంటుంది, కానీ ఆ రంగు కూడా ఏదో ఒకరోజు పెచ్చులుగా లేస్తుంది, సగం రంగు ఉన్న అక్షరం అసలు రంగు లేనిదానికన్నా అధ్వాన్నం. లేత ఇసక రంగు పలక తీసుకుంటే రంగు అవసరమే లేదు, మన దుమ్మే గాడిలో చేరి మసి రుద్దినట్టు అక్షరాన్ని చూపిస్తుంది. నల్ల పలక ఎండకి ఎక్కువకాలం తట్టుకుంటుందన్నది నిజమే, అందులో కలిపే కార్బన్ నలుపు అందుకే. కానీ దాని మీద గాడి నీడతోనే కనిపించాలి, మధ్యాహ్నం పూట చదవడం కష్టం.

స్టీలు రేకు ఎప్పుడు మేలంటే, మాటలు ఎక్కువైనప్పుడు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింట్లో పేరు, ఊరు, తేదీలు కావాలంటే ఒక్క పలక మీద చెక్కడం కుదరదు. బెంచీ ఇప్పటికే బిగించేసి ఉన్నా రేకే సులువు. ఇత్తడి వద్దు, పాత సామాన్లకి అమ్ముకోవచ్చని పీక్కుపోతారు. అక్షరాలు ప్రింటు చేసినవి కాదు, ఎచింగ్ చేసి లోపలికి దిగినవి కావాలని గట్టిగా అడగండి. గోపాల్‌పూర్‌లా సముద్రం పక్కనైతే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకి టీ మరకల్లాంటి తుప్పు వస్తుంది, 316 రకం అడగండి, స్క్రూలు కూడా అదే. మధ్య కన్నం ఒకటే గుండ్రంగా ఉండి, పక్క కన్నాలు పొడవుగా ఉండాలి, లేకపోతే కింద పలక సాగి మళ్ళీ ముడుచుకున్నప్పుడు రేకు ఉబ్బుతుంది. మామూలు స్క్రూ ఆ స్పంజి గుజ్జులో వదులైపోతుంది, అవతలికి బోల్టు దించి వాషరు, నట్టు వేయించాలి.

వీటి రెండింటికీ మధ్యలో ఇంకొకటుంది. పిల్లల పార్కుల్లో వాడే రెండు రంగుల హెచ్‌డీపీఈ షీటు, పైపొర ఒక రంగు, లోపలిది ఇంకో రంగు, పైపొర చెక్కితే లోపలి రంగులో అక్షరం వస్తుంది. పెయింటు లేదు, తుప్పు లేదు, బెంచీ పలకతో పాటే సాగుతుంది. దొరికితే కళ్ళు మూసుకుని అదే తీసుకునేవాణ్ణి, మా ఊళ్ళో నేను అడిగిన షాపుల్లో దొరకలేదు.

నేనైతే పేరు, 'జ్ఞాపకార్థం' అన్న మాట, అంతే కాబట్టి చెక్కించాను, కొత్తగా లేత రంగు పైపలక వేయించి. అప్పుడొక టెన్షన్ పడ్డాం. మిషన్ నడిపే అబ్బాయికి తెలుగు చదవడం రాదు, అతని సాఫ్ట్‌వేర్ ఒత్తుల్ని విడగొట్టేసింది. ముందు అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి ఇంటికి తెచ్చాను కాబట్టి సరిపోయింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, 'జ్ఞాపకార్థం'లో వేలు పెట్టి, జకి పొల్లు వచ్చి పక్కన ఞా విడిగా నిలబడిందని, ర్థ కూడా అలాగే ఉందని చూపించింది. అక్షరాల్ని ఫాంటులా కాకుండా గీతలుగా మార్చి పంపితే సరిగ్గా వచ్చింది. రెండో కాగితం అమ్మ మూడుసార్లు చదివి సరే అన్నాకే పలక మిషన్ మీదికి ఎక్కింది.