పర్లాకిమిడి వేసవి గోల్‌కీపింగ్ శిబిరం: తాడు పాఠం బాగుంది, పోస్టుల కొలతే సరిచెయ్యాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఈ వేసవి నడుస్తున్న ఫుట్‌బాల్ గోల్‌కీపింగ్ శిబిరానికి పన్నెండేళ్లు దాటిన పిల్లల్ని ధైర్యంగా పంపొచ్చు. ఇక్కడ దూకడం కంటే ముందు నిలబడటం నేర్పుతున్నారు. కోచ్ ఒడియాలో చెప్పి వెంటనే తెలుగులోనూ చెబుతారు కాబట్టి ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి వచ్చే పిల్లలకు ఇబ్బంది లేదు.

మొదటి పాఠం శామ్ హార్డీ అనే పాతకాలపు గోల్‌కీపర్ కథతో మొదలుపెట్టడం మాకు బాగా నచ్చింది. ఇంగ్లండ్‌లో చెస్టర్‌ఫీల్డ్ పక్కన న్యూబోల్డ్‌లో 1882లో పుట్టాడు. చెస్టర్‌ఫీల్డ్ జట్టు గోల్‌లో అతనుండగా ఆరు గోల్స్ కొట్టిన లివర్‌పూల్ జట్టే 1905లో అతన్ని తీసుకుంది, ఆ 1905-06 సీజన్‌లోనే ఇంగ్లండ్ లీగ్ గెలిచింది. 1912లో ఆస్టన్ విల్లా జట్టుకు మారి 1913, 1920ల్లో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్.ఏ. కప్ అందుకున్నాడు. ఇంగ్లండ్ తరఫున 1907 నుంచి 1920 దాకా 21 మ్యాచ్‌లు ఆడి, నలభై దాటాక 1925లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో ఆట ముగించాడు. బంతి వచ్చే చోటు ముందే పసిగట్టి అక్కడ ఉండటమే అతని గొప్పతనం. మోకాళ్లూ మోచేతులూ గీరుకుపోయే మన ఎర్ర గ్రావెల్ మైదానాల్లో పిల్లలకు కావాల్సిన విద్య అదే.

దాన్ని నేర్పే తీరు చాలా తేలిక. చెరో గోల్ పోస్టుకు ఇరవై మీటర్ల తాడు కట్టి, రెండు కొసలూ బంతి దగ్గర కలిపి పట్టుకుంటారు. తాళ్ల మధ్య త్రికోణంలో కీపర్ నిలబడతాడు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. బంతి 11 మీటర్ల పెనాల్టీ గుర్తు మీదుంటే, గోల్ గీత మీద నిలబడ్డవాడు ఆ వెడల్పంతా కాయాలి. మూడు మీటర్లు ముందుకొస్తే సుమారు 5.3 మీటర్లే మిగులుతుంది, అయిదున్నర వస్తే సరిగ్గా సగం. మరీ ముందుకొస్తే బంతి తల మీంచి పోతుంది. అందుకే తన్నేవాడు తల దించి కాలు వెనక్కి తీసే క్షణానికల్లా ఆగి, రెండు పాదాలూ నేలకు ఆనించి ఉండాలంటారు. నడుస్తుండగా బంతి వస్తే పక్కకు కదలడం కుదరదు.

బంతి పక్క నుంచి వచ్చేటప్పుడే తప్పు దొర్లుతుంది. చాలామంది గోల్ నడిమధ్యనుంచి బంతికి గీత ఊహించుకుని దాని మీద నిలబడతారు. అప్పుడు దగ్గరి పోస్టు వైపే సందు ఎక్కువవుతుంది. రెండు తాళ్ల మధ్య కోణాన్ని సగం చేసే గీత మీద ఉండాలి. అది గోల్ గీతను దగ్గరి పోస్టు వైపుకే తగులుతుంది. తాళ్లు కళ్లముందుంటే పదేళ్ల గుంటడికైనా ఇది ఒక్క పూటలో అర్థమవుతుంది.

లోపమల్లా పోస్టులది. ఆరు మీటర్ల దూరంలో వెదురు బొంగులు పాతారు. పన్నెండు లోపు పిల్లలకు అది ఫర్వాలేదు. పెద్దవాళ్లు మాత్రం ఆ కొలతకు అలవాటుపడి, అసలు గోల్‌లో రెండు వైపులా కలిపి 1.32 మీటర్లు వదిలేస్తారు. టేపు పెట్టి ఆ బొంగులు మళ్లీ పాతడం అరగంట పని.

బంతులు ఉదయం ఆరుకే గట్టిగా గాలి నింపి ఎండలో పెడుతున్నారు. ఎండకు గాలి వ్యాకోచించి ఎనిమిది గంటలకల్లా రాయిలా అవుతాయి, అరచేతిలో ఆగవు. కొంచెం మెత్తగా నింపి నీడలో ఉంచాలి. గ్లవ్స్ శిబిరంవాళ్లు ఇవ్వరు. కొనేటప్పుడు నున్నటి మెత్తని లాటెక్స్ (రబ్బరు) అరచేయి ఉన్నవి వద్దు, ఈ నేల మీద త్వరగా చిరుగుతుంది. గుంటలున్న మందపాటి అరచేయి ఉన్నవి తీసుకుని, ఆటకు ముందు తడిపి, తర్వాత నీడలో ఆరబెట్టండి.